నిఖా పందిట్లో సన్నాయి

షరతు గురువారం సాయంత్రం వచ్చింది. నిఖా ఆదివారం.

తెచ్చినవాడు గఫూరు సాబ్. చిత్తూరు మామిడి మండీలో పెద్ద దళారి, మసీదు కమిటీకి అధ్యక్షుడు. ఆయన వెనకాలే మసీదుకు కొత్తగా వచ్చిన ఇమాము. తమిళనాడులో చదువుకుని వచ్చిన కుర్రవాడు, పలచటి గడ్డం, మెత్తటి గొంతు. పేటలో అందరూ ఆయన్ని హజరత్ అంటారు.

వసారాలో మాబున్నీ సన్నాయి తుడుస్తోంది. వాళ్లను చూసి లేచి, చాప పరిచింది. సన్నాయిని మాత్రం లోపల పెట్టలేదు. ఒళ్లోనే ఉంచుకుని కూర్చుంది.

మాబున్నీ వాళ్లు దూదేకులవాళ్లు. తాతల కాలంలో దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు. పరుపులు ఫ్యాక్టరీల నుంచి రావడం మొదలయ్యాక చేతిలో మేళమొక్కటే మిగిలింది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రంజాన్‌లో రోజాలుంటారు, ఊళ్లో పెళ్లిళ్లకు సన్నాయి ఊదుతారు. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పొసగదని హజరత్ వచ్చేదాకా వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

సన్నాయి వాళ్ల నాయన హుసేనయ్యది. పోయే ముందు ఆనవాయితీ ప్రకారం నలుగురినీ పిలిచి కొడుకు జిలానీ చేతిలో పెట్టాడు. జిలానీ ఊదితే కుక్కర్ విజిల్‌లా ఉండేది. అందుకని వాడు డోలు పట్టుకున్నాడు, అక్క సన్నాయి పట్టుకుంది. పేరుకు తమ్ముడి సొత్తు, ఊపిరి అక్కది. ఆదివారం పెళ్లికొడుకు ఆ జిలానీయే.

"మాబున్నీ, హజరత్ ఒక మాట చెప్పాలంటాండారు. విను" అన్నాడు గఫూరు సాబ్.

హజరత్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నేను మిమ్మల్ని అవమానించడానికి రాలేదు. నేను చదువుకున్నదాని ప్రకారం ఊదే వాద్యాలు, తీగల వాద్యాలు మనకు తగవు. పెళ్లిలో దఫ్ కొట్టొచ్చు. మేళం మోగే చోట కూర్చుని నేను నిఖా చదవలేను."

"దఫ్ అంటే ఏంది హజరత్?"

"ఒక పక్క మాత్రమే తోలుండే పలక."

"మా జిలానీ డోలుకు రెండు పక్కలా ఉండాది. ఒక పక్కనే కొడితే సరిపోతాదా?"

లోపల వంటింట్లో ఎవరో కిసుక్కుమన్నారు. గఫూరు సాబ్ ముఖం ఎర్రబడింది. "ఎగతాళా మాబున్నీ?"

"కాదు సాబ్, తెలుసుకుంటాండా. డోలుకు రెండు మొకాలుంటే తప్పు. మనిషికి రెండు నాలుకలుంటే తప్పు లేదేమో. మీవాని పెండ్లికి తిరపతిలో డీజే పెట్టినారు గదా. హాలు అద్దాలు అదిరిపాయ."

"అది రిసెప్షన్! నిఖా కాదు."

"ఓహో. దేవుడు నిఖాకు వచ్చి, రిసెప్షన్‌కు రాకుండా పోతాడా?"

హజరత్ గఫూరు సాబ్ వైపు తిరిగి చూశాడు. "ఆ సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే అక్కడికీ వచ్చి ఇదే చెప్పేవాణ్ణి" అన్నాడు.

ఆ మాట అబద్ధం కాదని మాబున్నీకి ఆయన కళ్లలో తెలిసింది. ఆయన మీద కోపం తెచ్చుకోవడం అక్కడి నుంచి కష్టమైంది. అయినా వదల్లేదు.

"తెల్లారి మీరు అజాన్ ఇస్తే నేను పొయ్యి ముట్టించేది మర్చిపోయి వింటా ఉంటా. అది రాగం కాదా?"

"అది పిలుపు. రాగం కాదు."

"మా సన్నాయీ పిలుపే. పెండ్లికి రమ్మని పిలస్తాది. సరే, ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. సంగీతం తప్పు కాదన్న పెద్దలు మన మతంలో ఒక్కరన్నా లేరా?"

లేరని గఫూరు సాబ్ చెప్పబోయాడు. హజరత్ చెయ్యెత్తి ఆపాడు.

"ఉన్నారు. వాళ్ల మాట నేను ఒప్పుకోను. కానీ ఉన్నారు."

"అయితే శుక్రవారం జుమ్మాకు మైకులో అది కూడా చెప్పండి. రెండు మాటలుండాయి, నేను ఈ మాట నమ్ముతా అని. ఉండేది ఒకటే అన్నట్టు చెప్తే మేం దొంగలమై పోతాండాం హజరత్. పాలు పోసే ఆమె కూడా మొన్న అడిగింది, మీరు ముస్లిములేనా అని."

గఫూరు సాబ్ తొడ మీద చరుచుకుని లేచాడు.

"ఇన్ని మాటలెందుకబ్బా! ఆదివారం పందిట్లో మేళం ఉండకూడదు. అదొక్కటే కాదు. జిలానీ అందరి ముందరా ఆ సన్నాయి తెచ్చి కమిటీకి అప్పజెప్పాల. ఈ ఇంట్లో ఇంక మేళం లేదని నోటితో చెప్పాల. లేదంటే హజరత్ రారు. ఈ ఊర్లో ఇంకొకరు రాకుండా నేను చూసుకుంటా."

"అప్పజెప్పమని నేను అడగలేదు" అన్నాడు హజరత్ నెమ్మదిగా.

"కమిటీ తీర్మానం హజరత్. మీరు రాకముందు నుంచీ అనుకుంటానే ఉండాం."

మాబున్నీ సన్నాయిని గట్టిగా పట్టుకుని నోరు తెరిచింది. అంతలో వెనక నుంచి ఇంకో గొంతు వచ్చింది.

"సరే సాబ్. ఇస్తాను."

గడపలో జిలానీ నిలబడి ఉన్నాడు.

* * *

"నీకు వెన్నెముక ఉండాదా లేదా?" అంది మాబున్నీ, వాళ్లు సందు మలుపు తిరగ్గానే.

"రుబీనా వాళ్ల నాయన హజరత్ లేకుండా నిఖా ఒప్పుకోడక్కా. గఫూరు సాబ్ అప్పుడే ఆయనకు ఫోన్ చేసినాడు. నేనేం చేసేది?" జిలానీ తల వంచుకున్నాడు. "పోనీలే. కొన్ని దినాలు పోయినాక కొత్త సన్నాయి కొనుక్కుందాం. ఎవురికీ గుర్తుండదు."

"నాకు గుర్తుంటాది." ఆమె గొంతు పెద్దదైంది. "సోమవారం చంద్రగిరిలో రెడ్డోళ్ల పెండ్లి ఒప్పుకొనుండాం. మా ఇంటి పెండ్లిలో ఇది పాపం, మీ ఇంటి పెండ్లిలో ఇది మంగళం అని వాళ్ల ముందర నిలబడి ఊదమంటావా? ఒకసారి తల వంచి ఇచ్చినాక ఇంకో సన్నాయి ఏ మొకంతో పట్టుకునేదిరా?"

జిలానీ గోడకు తగిలించిన డోలు వైపు కూడా చూడలేదు. బయటికి వెళ్లి బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.

అంతే. సన్నాయి వాడిది. వాడు ఇస్తానన్నాడు. ఇక ఆపడానికి ఆమెకు హక్కు లేదు.

శనివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవతల మిషన్ల రొద. బంగారుపాళ్యం పల్ప్ ఫ్యాక్టరీలో మామిడి గుజ్జు తీపి కొలిచే ల్యాబులో పనిచేస్తుంది రుబీనా. సీజను కావడంతో పెళ్లికి ముందు రోజు కూడా సెలవు దొరకలేదు.

"వొదినా, ఒకటి అడగతా. ఆ సన్నాయి నిజంగా ఎవురిది?"

"నీ కాబోయే మొగుడిదే."

"పేరుకా, నిజంగానా?"

"నలుగురి ముందరా మా నాయన వాని చేతికిచ్చినాడు. నిజంగానే. ఎందుకు?"

"అయితే నా నిఖా అయ్యేదాకా దాన్ని ఎవురి చేతికీ పోనియ్యబాక. ఏం చేస్తావో చెయ్యి."

"అయినాక ఇచ్చేస్తాడులే మీ ఆయన. మాటిచ్చినాడు."

"వొదినా, నేను మేళగాణ్ణి చేసుకుంటాండా. మా ఊర్లో పెండ్లికి మీరు వచ్చినప్పుడు వాన పడతా ఉన్నా ఆపకుండా డోలు కొట్టినాడు సూడు, వాణ్ణి. మేళం లేనివాణ్ణి నేనేం చేసుకునేది?"

మిషన్ల రొదలో ఇంకెవరో ఆమెను కేకేశారు. ఫోన్ కట్టయింది.

* * *

ఆదివారం ఉదయానికి సందు మొత్తం షామియానా పరుచుకుంది. నిఖా మగపెళ్లివారి ఇంటి ముందర చేయడం వాళ్ల ఆనవాయితీ. బంగారుపాళ్యం వాళ్లు రెండు టెంపోల్లో దిగారు, కట్నాల బదులు మామిడి పెట్టెలు దించుతూ. పెళ్లికూతురిని ఇంట్లోపలి గదిలో కూర్చోబెట్టి తలుపుకు పచ్చటి పరదా వేశారు.

సన్నాయి పొడవాటి కొయ్య పెట్టెలో ఉంది. పరదా పక్కనే, గోడవారగా. ఆ పెట్టె మీద మాబున్నీ పట్టుచీర కట్టుకుని కూర్చుంది.

గఫూరు సాబ్ మండీ గుమాస్తా వచ్చాడు. "అక్కా, పెట్టె ఇయ్యి. సాబ్ కార్లో పెట్టేయమన్నాడు."

"అందరి ముందరా అప్పజెప్పాలన్నది మీ సాబే గదా? అందరూ యాడొచ్చినారు ఇంకా?"

"ముందే ఇస్తే ఏం పోయింది?"

"పోయేది నాకు, నీకేం తెలస్తాది? నిఖా కానీ."

వాడు వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. ఈసారి గఫూరు సాబ్ కూడా వచ్చాడు. "మాబున్నీ, లెయ్యి."

"మోకాళ్లు నొప్పి సాబ్. ఇప్పుడే కూర్చున్నా."

"కుర్చీ వేయిస్తా."

"కుర్చీ పడదు నాకు. మా నాయన కూడా దీని మీదనే కూర్చునేవాడు."

చుట్టూ ఆడవాళ్లు చేరారు. పెళ్లిలో ఆడమనిషి చెయ్యి పట్టుకుని లేపలేడు. గఫూరు సాబ్ పళ్లు కొరికి వేదిక వైపు పోయాడు. అక్కడ జిలానీ తెల్ల షేర్వానీలో, ముఖాన మల్లెపూల సెహరాతో కూర్చున్నాడు. గఫూరు సాబ్ వాడి చెవిలో ఏదో చెప్పాడు. సెహరా కిందికీ పైకీ ఊగింది.

మేళంలో శ్రుతి పట్టే కుప్పయ్య అతిథిలా చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. మాబున్నీ దగ్గరికొచ్చి గుసగుసగా అడిగాడు. "శ్రుతిపెట్టె ఆటోలో ఉండాదమ్మా. తీసుకురానా, వద్దా?"

"ఉండనీ. నాకే తెలీదు."

నిజంగానే తెలియదు. రుబీనా ఏం చేయబోతోందో ఆమె చెప్పలేదు. మాబున్నీ చేతిలో ఉన్నది కూర్చోవడమొక్కటే.

హజరత్ వచ్చాడు. సలాములయ్యాయి. పెళ్లికూతురి నాయన అయిన మౌలాలీని, ఇద్దరు సాక్షులను హజరత్ పిలిచి చెప్పాడు, లోపలికి వెళ్లి అమ్మాయి సమ్మతి అడిగి రమ్మని. మెహర్ కింద, అంటే పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇచ్చే సొత్తు కింద, ఒక జత బంగారు కమ్మలు. ముందే మాట్లాడుకున్నదే.

ముగ్గురూ పరదా దాటి లోపలికి వెళ్లారు.

ఆలస్యమైంది.

పందిట్లో మాటలు తగ్గాయి. మౌలాలీ బయటికి వచ్చాడు. నుదుటి మీద చెమట. "హజరత్... బిడ్డకు నిఖా సమ్మతమే. కానీ మెహర్ కమ్మలు వొద్దంటాంది."

"మరేం కావాలట?"

మౌలాలీ వెనక్కి తిరిగి పరదా వైపు చూశాడు. పరదా వెనక నుంచి జవాబు వచ్చింది. మిషన్ల రొదలో మాట్లాడి అలవాటైన గొంతు, పందిరి చివరిదాకా వినబడింది.

"సన్నాయి. ఆయన సన్నాయి నాకు మెహర్ కింద ఇయ్యాల. అదిస్తే కబూల్. లేదంటే లేదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. మౌలాలీ పరదా వైపు తిరిగి "నా పరువు తీస్తివి గదమ్మే!" అన్నాడు. "కమ్మలు వొద్దనే ఆడదాన్ని ఇప్పుడే సూస్తాండా" అని ఎవరో ముసలమ్మ నవ్వింది. గఫూరు సాబ్ వేదిక ఎక్కాడు.

"ఇదేం నాటకం! అది కమిటీకి అప్పజెప్పే వస్తువు. పైగా హరాం. హరామైన వస్తువు మెహరెట్లా అవుతాది? చెప్పండి హజరత్, అందరికీ వినబడేలా చెప్పండి!"

ఆ ప్రశ్న అడిగి ఉండకూడదని గఫూరు సాబ్‌కు తర్వాత తెలిసింది.

హజరత్ టోపీ సర్దుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మాబున్నీ పెట్టె అంచును రెండు చేతులా పట్టుకుంది. ఆయన కాదంటే సన్నాయి ఇక చెత్త కిందే లెక్క. ఈ పందిట్లోనే కాదు, ఎక్కడైనా. ఇన్నాళ్లూ వాళ్లు బతికింది చెత్త మీదన్నట్టే.

"సారాయి మెహర్‌గా ఇవ్వకూడదు" అన్నాడు హజరత్.

గఫూరు సాబ్ తలాడించాడు.

"సన్నాయి సారాయి కాదు. కొయ్య. దాన్ని ఊదడం తగదని చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతున్నాను. కానీ ఆ కొయ్యకు వెల లేదని నేను చదువుకోలేదు. ఒకరి వాద్యాన్ని ఇంకొకరు విరగ్గొడితే ఆ కొయ్య వెల కట్టివ్వాలని మా గురువులు చెప్పారు. వెల ఉంది కాబట్టి మెహర్ అవుతుంది. సమ్మతికి ముందు అడిగింది కాబట్టి అడిగే హక్కు ఆ అమ్మాయికి ఉంది." ఆయన జిలానీ వైపు తిరిగాడు. "అది మీదేనా? కమిటీకి ఇచ్చేశారా?"

సెహరా గఫూరు సాబ్ వైపు తిరిగింది.

"జిలానీ! నాకు మాటిచ్చినావు" అన్నాడు గఫూరు సాబ్.

జిలానీ రెండు చేతులతో పూలదండలు పక్కకు తప్పించి అక్క వైపు చూశాడు. మాబున్నీ తల ఊపలేదు. కన్ను కూడా ఆర్పలేదు. చెప్పాల్సింది గురువారమే చెప్పేసింది. నాయన సన్నాయి ఎవరి చేతిలో పెట్టాడో వాడే చెప్పాలి.

"నాదే హజరత్" అన్నాడు జిలానీ. మళ్లీ అన్నాడు, ఈసారి గట్టిగా. "నాదే. ఎవురికీ ఇయ్యలేదు. రుబీనాకు ఇస్తాండా."

"మాట తప్పుతాండావు రేయ్!"

"అవును సాబ్. తప్పుతాండా. మీకు మాటిచ్చింది తప్పు. అది దిద్దుకుంటాండా."

హజరత్ ఇక ఎవరినీ మాట్లాడనివ్వలేదు. సాక్షులు మళ్లీ లోపలికి వెళ్లారు, ఈసారి వెంటనే తిరిగి వచ్చారు. ఆయన నిఖా ముందు చదివే ఖుత్బా చదివాడు. ఆ మెత్తటి గొంతు ఎక్కుతూ దిగుతూ పందిరంతా నిండింది. మాబున్నీ కళ్లు మూసుకుని విన్నది. ఎంత బాగా చదువుతాడో ఈ మనిషి! జిలానీ మూడుసార్లు కబూల్ అన్నాడు. దువా అయింది. ఖర్జూరాలు పంచారు.

మాబున్నీ అప్పుడు లేచింది. పెట్టె తానే ఎత్తుకుని పరదా లోపలికి తీసుకెళ్లింది.

రుబీనా ఎర్రచీర కొంగు ముఖం మీద నుంచి వెనక్కి తోసేసింది. గోరింటాకు చేతులతో పెట్టె తెరిచి, నల్లటి సన్నాయిని నిమిరింది. "బరువే వొదినా."

"మరి? కమ్మలనుకున్నావా?"

"ఇప్పుడిది నాదేనా? ఎవురూ అడిగేదానికి లేదా?"

"నీ మొగుడు కూడా అడగకూడదు."

"అయితే తీసుకో." సన్నాయిని మాబున్నీ చేతుల్లో పెట్టింది. "ఊదు. ఈడ కాదు, బయట. అందరి ముందరా. వాళ్లు అందరి ముందరా ఇమ్మన్నారు గదా."

మాబున్నీ సన్నాయి పట్టుకుని పరదా దాటి పందిట్లోకి వచ్చింది. గఫూరు సాబ్ ఎదురొచ్చాడు.

"హజరత్, ఆపండి! మీ కళ్ల ముందరే..."

హజరత్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. "మెహర్ భార్య సొత్తు. దాన్ని ఏం చేసుకోవాలో భర్త కూడా అడగకూడదు. కమిటీ ఎట్లా అడుగుతుంది?" మాబున్నీ వైపు తిరిగాడు. "నేను విననమ్మా. నేను చెప్పింది మారలేదు."

"నేనూ మారలేదు హజరత్. అన్నం తినిపోండి."

"ఇంటికి పంపించండి" అన్నాడాయన. షామియానా దాటి సందులోకి నడిచాడు.

"సందు దాటేదాకా ఆగుదామా అమ్మా?" అన్నాడు కుప్పయ్య, శ్రుతిపెట్టె చంకలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చి.

"ఎందుకాగేది? వినకుండా ఉండేది ఆయన పని. ఊదేది నా పని. శ్రుతి పట్టు."

"ఇది మోగితే రేపటి నుంచి కమిటీ వాళ్లెవరూ మీ గడప తొక్కరు!" గఫూరు సాబ్ వేలు చూపించాడు. "సావుకి కూడా రాం. చూసుకో!"

పందిట్లో కొందరు లేచి నిలబడ్డారు. గఫూరు సాబ్ మాట ఉత్తిది కాదని అందరికీ తెలుసు. రెండు కుటుంబాలు బిరియాని ముట్టకుండా చెప్పులు వెతుక్కున్నాయి. మౌలాలీ తల పట్టుకుని కూర్చున్నాడు, కానీ కుర్చీ వదల్లేదు.

మాబున్నీ వెళ్లేవాళ్లను చూసింది. ఒక్కొక్కరి ముఖమూ గుర్తు పెట్టుకునేలా చూసింది. వాళ్లలో చాలామంది పెళ్లిళ్లకు ఊదింది ఆమె నాయనే.

"రాకపోతే రాకండి సాబ్" అంది. "మేం మాత్రం వస్తాం. మసీదుకీ వస్తాం, మీ ఇంట్లో సావుకీ వస్తాం. ఆ మసీదు మీదొక్కరిదే కాదు."

రెల్లు పీకను నాలుకతో తడిపింది. ఊపిరి పీల్చింది.

మొదటి స్వరం షామియానా గుడ్డను తోసుకుని పైకి లేచింది. పక్క సందులో కుక్కలు మొరిగాయి. మేడల మీద జనం కనబడ్డారు. ఆమె కళ్లు తెరిచే ఊదింది, గఫూరు సాబ్ ముఖంలోకి చూస్తూ. ఆయనే ముందు చూపు తిప్పుకున్నాడు.

డోలు లేక పాట ఒంటి కాలి మీద నడుస్తున్నట్టుంది. అప్పుడు వేదిక మీద కలకలం రేగింది. పెళ్లికొడుకు దిగుతున్నాడు. పెద్దవాళ్లు "కూర్చోరా, కూర్చో" అంటున్నా వినకుండా ఇంట్లోకి పోయి గోడ మీది డోలు దించుకుని వచ్చాడు. సెహరా అడ్డం పడుతుంటే మెలితిప్పి తల వెనక్కి వేసుకున్నాడు. షేర్వానీ మీదే డోలు తగిలించుకుని అక్క పక్కన నిలబడ్డాడు.

రెండు పక్కలా కొట్టాడు.

పాట ముగిసేసరికి పరదా పక్కకు జరిగి ఉంది. రుబీనా గడపలో నిలబడి ఉంది, కొత్త పెళ్లికూతురు అలా నిలబడకూడదని ఇద్దరు ముసలమ్మలు కొంగు లాగుతున్నా.

"వొదినా, రేపు నా సన్నాయి యాడికి పోతాది?"

"చంద్రగిరికి. రెడ్డోళ్ల పెండ్లి."

"ఫ్యాక్టరీకి ఎట్లాగూ సెలవు పెట్టినా" అంది రుబీనా. "నేనూ వస్తా."